వంటగది బల్ల మీద రాసింది

"సంతకం పెట్టేసి రా, పీడా విరగడవుతుంది," అన్నాడు డినీ, పళ్లెంలో చల్లారిపోయిన మటన్ ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ దొర్లిస్తూ.

మార్నీ సింకు దగ్గర నిలబడి, ఇందాకే కడిగిన గిన్నెను మళ్లీ కడుగుతోంది.

"నీ పేరుంది దాని మీద. నీ పేరున్నది నీదేనని చెప్పడానికి ఇంత ఏడుపెందుకు, పిల్లా?"

"చెప్పడం కాదు నాన్నా. ప్రమాణం చెయ్యడం."

"రెండూ నోటితోనే కదా చేసేది!"

బల్లకు ఆ చివర ఫెర్గస్ కూర్చుని ఉన్నాడు. ఆదివారం నుంచీ షెడ్డులో పడుకుంటున్న మనిషి, తిండికి మాత్రం లోపలికి వస్తున్నాడు. వచ్చి, తిని, కప్పు కడిగి బోర్లించి, నోరు విప్పకుండా వెళ్లిపోతున్నాడు. ఆ మౌనం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పెళ్లాం పీకల మీదికి తెచ్చినవాడు కనీసం కేకలైనా వెయ్యాలి, లేదా కూర్చుని ఏడవాలి. ఫెర్గస్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు. ఏడాదంతా వాన పడే వెస్ట్‌పోర్ట్‌లో పుట్టి పెరిగినవాడికి వానలో చూడ్డానికి ఏముంటుంది?

నెల్సన్ ఊళ్లోని కంపెనీ లాయర్లు అడిగింది చిన్న ప్రశ్నే. మార్నీ సాఫ్ట్‌వేర్ గానెట్‌లో అలల లెక్క కట్టే భాగం ఎవరు రాశారు? ఆ భాగంలో జరిగిన ప్రతి మార్పు కిందా 'ఇది నేనే రాశాను, నలుగురికీ ఇచ్చే హక్కు నాకుంది' అన్న వాక్యం, దాని పక్కన మార్నీ టినాన్ అన్న పేరు ఉన్నాయి. నిజంగా ఆవిడే రాసి ఉంటే ఆ మాటే ప్రమాణపత్రంగా రాసి పంపాలి. కాకపోతే ఆ భాగాన్ని తీసేసి, దాన్ని వాడుకుంటున్న వాళ్లందరి చేతా తీయించాలి. ఈ సాయంత్రం ఆఫీసులు మూసేలోపు ఏదో ఒకటి తేలకపోతే ఇక కోర్టే.

ఆ కంపెనీ పడవలకు లోతు కొలిచే పరికరాలు చేస్తుంది. ఫెర్గస్ ఆ కంపెనీ మనిషి. పెళ్లికి ముందు నుంచీ అందులోనే ఉన్నాడు.

గానెట్ లేకుండా వెస్ట్‌పోర్ట్‌లో ఇప్పుడు ఏ పడవా కదలదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. చేపల పడవలన్నీ దాని మీదుగానే రావాలి, పోవాలి. ఆటు సమయంలో ఏరూ సముద్రమూ ఎదురెదురుగా కొట్టుకుని అక్కడ అల విరిగిందంటే పడవ మిగలదు. ఆ సంగతి గానెట్ ముందే లెక్క కట్టి రంగుల్లో చెబుతుంది. పచ్చ అయితే రావచ్చు, ఎరుపైతే బయటే ఉండిపోవాలి. మార్నీ రేవు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో దాన్ని మొదలుపెట్టి, ఒక సముద్రపు పిట్ట పేరు పెట్టి, ఓపెన్ సోర్స్‌గా లోకం మీద వదిలేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. టాస్మేనియాలోనూ చిలీలోనూ కూడా మొగల దగ్గర ఇప్పుడు దాన్నే చూసి పడవలు నడుపుతున్నారు.

అలల లెక్క చేరేదాకా అది పోటు పట్టికనూ గాలినీ చూసి ఊహ చెప్పే బొమ్మ మాత్రమే. ఆ లెక్క వచ్చాకే దానికి ప్రాణం వచ్చింది. ఊరంతా మార్నీని మెచ్చుకుంది.

"హోకీ చేపల కాలం ఇది," అన్నాడు డినీ మళ్లీ. "పడవలన్నీ బయటే ఉన్నాయి. ఇప్పుడు తీసేస్తావా దాన్ని?"

"తీస్తానని నేనన్నానా?"

"మరి సంతకం పెట్టు."

"నాన్నా, నువ్వు ప్రతి ఆదివారం చర్చికి పోతావు."

"పోతాను. పోయేవాణ్ణే చెబుతున్నాను, అబద్ధం ఆడు. మొగలో పోయినవాళ్లని నా చేతుల్తో లాగాను పైకి. కోర్టులో తిట్లు తిని ఎవడూ చచ్చిపోలేదు."

ఫెర్గస్ కుర్చీ కిర్రుమంది. ఏదో అనబోతున్నాడనుకుని ఇద్దరూ అటు తిరిగారు. అతను ఉప్పు డబ్బా అందుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

వెల్లింగ్‌టన్ నుంచి సీనా. ఇలా సాఫ్ట్‌వేర్‌ను ఊరికే ఇచ్చేవాళ్లు చిక్కుల్లో పడితే ఊరికే సాయపడే లాయరు. మార్నీ చేతులు తుడుచుకుని, ఫోన్‌ను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేట్టు చేసింది.

"మార్నీ, వాళ్ల లాయరు ఇప్పుడే మాట్లాడాడు. ఒక సంగతి చెబుతాను, వినండి. మీరు మాత్రం నాకు జవాబు చెప్పకండి. సరేనా?"

"సరే."

"వాళ్ల దగ్గర అలల తొట్టి ఒకటి ఉందట. కృత్రిమంగా అలలు పుట్టించి కొలుస్తారట. దానికి ఒక గోడ సరిగ్గా కట్టలేదు. ఒక రకం పొడుగాటి అల పంపిస్తే ఆ గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. దాంతో వాళ్ల లెక్కలో ఒకచోట గూని లేస్తుంది. ఆ గూని వాళ్ల పట్టికలన్నిటిలోనూ ఉంది."

సీనా చెప్పబోయేది మార్నీకి అప్పటికే అర్థమైపోయింది.

"గానెట్‌లోనూ అదే చోట, అదే గూని ఉందట. సముద్రానికి గోడ లేదు కదా, మీకు ఆ గూని ఎక్కడిదని అడుగుతున్నాడు."

ఫెర్గస్ చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లయినప్పటి నుంచీ అంతే, మొహం ఎంత బిగించుకున్నా చెవులు అతన్ని పట్టిస్తాయి.

"నేను ఒక్కటే చెప్పగలను," అంది సీనా. "ప్రమాణం చేస్తే అక్కడితో ఆగరు. కోర్టులో నిలబెట్టి ఒక్కో లైనూ ఎందుకలా రాశావని అడుగుతారు. అబద్ధమని తేలితే ఇక ఇది లైసెన్సు గొడవ కాదు, నేరం. మీ మీద."

"నిజం చెబితే?"

"నాకు నిజమేమిటో తెలియదు, చెప్పకండి కూడా. కానీ ఊరికే అనుకుందాం. ఉద్యోగి రాసింది కంపెనీదైతే, దాన్ని ఉచితంగా ఇచ్చే హక్కు మీకు మొదటి నుంచీ లేదు. ఇచ్చినవాళ్లకే లేని హక్కు తీసుకున్నవాళ్లకెలా వస్తుంది? టాస్మేనియా, చిలీ, అందరూ తీసెయ్యాల్సిందే. ఇక ఆ ఉద్యోగి సంగతి..." సీనా ఒక క్షణం ఆగింది. "అది మీకు నేను చెప్పక్కర్లేదు."

మార్నీ ఫోన్ పెట్టేసింది. రేకుల కప్పు మీద వాన కొడుతూనే ఉంది.

"నీ బుర్రలోంచి వచ్చిందన్నావు," అంది మార్నీ.

"బుర్రలోంచే వచ్చింది."

"గూని కూడానా?"

ఫెర్గస్ ఉప్పు డబ్బా మూత బిగించాడు, విప్పాడు. "లెక్క నాదే. అంకెలు తొట్టివి."

"ఎప్పుడు చెబుదామనుకున్నావు నాతో?"

"నువ్వడగలేదు."

"అడగలేదా! నేను అడగాలా? ఏవయ్యా, ఈ అంకెలు ఎక్కడన్నా ఎత్తుకొచ్చావా అని కాఫీ ఇస్తూ అడగాల్సిందా నేను?"

"ఎత్తుకురాలేదు. అవి నాకు గుర్తే. ఆ తొట్టి దగ్గర చలిలో నిలబడి కొలిచింది నేనే, మార్నీ. ఎలా మర్చిపోతాను?" ఇన్ని రోజుల్లో అతను ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదలు. "పైగా కంపెనీ ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా. రాసిందంతా నీ కంప్యూటర్ మీదే, ఈ బల్ల మీదే. అలా అయితే వాళ్లకు సంబంధం ఉండదనుకున్నాను."

అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆఫీసు పెన్నుతో ఇంటి చీటీ కూడా రాయని రకం మనిషి. తను రాసింది ఎవరిదో తేల్చేది ఏ యంత్రం మీద వేళ్లు పెట్టాడన్నదే అని అతని నమ్మకం. అందుకని భోజనాలయ్యాక ఆఫీసు ల్యాప్‌టాప్‌ను శ్రద్ధగా మూసి బీరువాలో పెట్టి, మార్నీ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆ కంప్యూటరేమో ఎవరు కూర్చున్నా, ఏం రాసినా, కింద 'ఇది నేనే రాశాను' అని మార్నీ పేరు దానంతటదే చేర్చేది. అలా చేర్చేట్టు పెట్టుకున్నది మార్నీయే, రోజూ టైపు చెయ్యడానికి బద్ధకించి.

ఆ వాక్యం గురించి ఆవిడ లోకానికి చెప్పిన నీతులు తక్కువా? చిలీలో ఒక పంతులమ్మ పాపం చిన్న తప్పు దిద్ది పంపితే, ఆ వాక్యం లేదని మూడుసార్లు తిప్పి కొట్టింది. ఎవరి చెయ్యి రాసిందో తెలియని అక్షరం గానెట్‌లోకి రాదని క్లాసు పీకింది. ఆ రోజు కూడా ఇదే బల్ల దగ్గర, పక్క కుర్చీలో కూర్చుని, ఫెర్గస్ ఆవిడ పేరు మీద అలలు రాస్తూనే ఉన్నాడు.

మార్నీకి తెలియదా? తెలుసు. క్రైస్ట్‌చర్చ్‌లో సభ పెట్టి, ఆవిడ చేత గానెట్ గురించి మాట్లాడించి, అందరూ లేచి చప్పట్లు కొట్టినప్పుడు, వెనక వరసలో ఫెర్గస్ కూడా లేచి కొట్టాడు. ఆవిడ అతని వైపు చూసింది. చూసి, చూపు తిప్పుకుంది. ఆ చప్పట్లు ఆవిడకు చాలా బాగున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంకా ఘోరమేమిటంటే, ఈ క్షణాన కూడా అవి తనవే అయితే బాగుండుననిపించింది.

"తీసేద్దాం," అన్నాడు ఫెర్గస్. "తీసేస్తే నువ్వు ప్రమాణం చెయ్యక్కర్లేదు. ఒక్క వారం ఆగు. నేను మళ్లీ కొత్తగా రాస్తాను. తొట్టి అంకెలు లేకుండా."

"నువ్వు రాస్తే అదీ వాళ్లదే! నీ ఒప్పందం నువ్వెప్పుడన్నా చదివావా? పడవల గురించి నువ్వు నిద్రలో కలవరించినా వాళ్లదే."

"మరి ఇంకెవరన్నా..."

"ఇంకెవరు? ఈ ఊళ్లో ఎవరికొచ్చు? నాకే రాదు!"

ఆ మాట నోట్లోంచి జారాక మార్నీ బల్ల అంచు పట్టుకుంది. డినీ కూతురి వైపు ఆశ్చర్యంగా చూశాడు. ముసలాయన ఇన్నాళ్లూ అల్లుడు ఏదో చెయ్యి సాయం చేశాడనే అనుకుంటున్నాడు.

"అస్సలు రాదా?" అన్నాడు నెమ్మదిగా.

"మిగతాదంతా నాదే నాన్నా. పోటు, గాలి, రంగులు, మొగ బయట నీళ్ల మీద తేలే ఆ బోయా నుంచి సమాచారం తెప్పించడం, అంతా. అలలు మాత్రం..." ఆవిడ పూర్తి చెయ్యలేదు.

డినీ పళ్లెం పక్కకు నెట్టాడు. "అయినా సరే, ఆడు," అన్నాడు. కానీ గొంతులో ఇందాకటి ఊపు లేదు.

మార్నీ తలుపు వెనకాల తగిలించిన కోటు తీసుకుంది. టైపు చేసి ఉంచిన ప్రమాణపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కోటు లోపల దోపుకుంది.

"మార్నీ, వద్దు," అన్నాడు ఫెర్గస్.

"అయితే నువ్వు రా. వచ్చి నోలా దగ్గర ప్రమాణం చేసి, నేను రాశానని చెప్పు."

అతను లేచాడు. నిలబడ్డాడు. అక్కడే ఉండిపోయాడు.

"మాట్లాడు!"

"ఉద్యోగం పోతే ఇల్లు నిలవదు."

"నేను జైలుకు పోతే నిలుస్తుందా?"

ఫెర్గస్ కుర్చీని బల్ల కిందికి నెట్టాడు. అతని మొహం చూసి మార్నీకి జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఏదో ఒకటి చెయ్యి ఫెర్గస్," అంది తలుపు తీస్తూ. "బతుకులో ఒక్కసారైనా నన్నడక్కుండా ఏదో ఒకటి చెయ్యి."

*

వీధిలోకి రాగానే మొగ హోరు వినిపించింది. వాన చప్పుడును కూడా మించి, ఊరి చివర్నుంచి వస్తోంది. పొద్దున ఇంతలేదు. ఇవాళ ఎరుపే, అనుకుంది మార్నీ. అలవాటు కొద్దీ అనుకుంది. ఆవిడ మనసంతా కోటు లోపలి కాగితం మీదే ఉంది.

నోలా ఇల్లు రెండు వీధుల అవతల. ఊళ్లో ప్రమాణాలు చేయించి సంతకం పెట్టే అధికారం ఆవిడకుంది. పడవల రేడియో కూడా ఆవిడ వంటగదిలోనే ఉంది, గానెట్ రంగు చూసి పడవలకు చెప్పేది ఆవిడే. మొగుడు హ్యూయీ సముద్రం మీదకు పోయినన్నాళ్లూ, పొయ్యి దగ్గర ఒక చెవీ రేడియో దగ్గర ఒక చెవీ వేసి ఉంటుంది. హ్యూయీ తన పడవకు కూడా పెళ్లాం పేరే పెట్టుకున్నాడు, నోలా జీన్ అని. రెండిట్లో దేనితోనూ గెలవలేనని రేవులో జోకులేస్తుంటాడు.

"రా తల్లీ, రా. తడిసి ముద్దయ్యావు," అంది నోలా. "అట్లు వేస్తున్నాను, తింటావా?"

"వద్దు నోలా. తొందరగా వెళ్లాలి."

"తొందరున్నవాళ్లే నా దగ్గరికొస్తారు. తీరిగ్గా ప్రమాణం చేద్దామని ఎవరూ రాలేదు ఇంతవరకూ." నోలా చేతులు కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, బల్ల తుడిచి, పెన్ను తెచ్చుకుంది. "నీ డ్రైవింగ్ లైసెన్స్ ఏదీ?"

"నోలా, నేను పుట్టినప్పుడు ఆస్పత్రిలో నన్నెత్తుకున్నది నువ్వే కదా."

"ఎత్తుకున్నాను. అయినా చూపించు. నా సొంత చెల్లెలు లైసెన్స్ ఇంట్లో మర్చిపోయి వస్తే తిప్పి పంపాను. ఇప్పటికీ మాట్లాడదు నాతో." 

మార్నీ చూపించింది. నోలా దాన్నీ ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూసి, తృప్తిపడి, కాగితం అందుకుని పైకే చదివింది.

"గానెట్‌లో అలల లెక్క కట్టే భాగాన్ని పూర్తిగా నేనే రాశాను. అందులో వేరెవరి పనీ లేదు. వేరెవరికీ దాని మీద హక్కు లేదు." నోలా కళ్లద్దాల మీదుగా చూసింది. "ఇంతేనా? ఈ మాత్రానికి నెల్సన్ నుంచి లాయర్లా? ఊరందరికీ తెలిసిందే కదా ఇది!"

మార్నీ కోటు అంచులోంచి నీళ్లు పిండింది.

"హ్యూయీ రోజూ తిడుతుంటాడులే దాన్ని. పిరికి పిట్ట, పిరికి పిట్ట అని. చిన్న అలకే ఎరుపు చూపిస్తుందట. తిడతాడు, మళ్లీ దాని మాటే వింటాడు. పోయిన చలికాలం అది ఎరుపు అంటే బయటే ఆగిపోయాడు చూడు, ఆ రోజు వచ్చి ఉంటే..." నోలా ఆ మాటను మింగేసింది. "దేవుడు నీకు మంచి బుర్ర ఇచ్చాడు తల్లీ. అంతే చెబుతాను."

ఆ మాట మార్నీకి చెంపదెబ్బలా తగిలింది. ఈ మనిషి ముందా అబద్ధం ఆడటం? లాయర్ల ముందు ఆడచ్చు, కోర్టులో కూడా ఆడచ్చేమో. నోలా ముందు ఎలా?

"నోలా, ఇందులో మాట తేడా అయితే ఏమవుతుంది?"

"ఎవరికి?"

"చెప్పిన మనిషికి."

నోలా పెన్ను మూత తీస్తున్నది ఆగింది. "జైలని చట్టంలో రాసుంది. ఎందుకడిగావు?"

"ఊరికే."

ఊరికే ఎవరూ అడగరని నోలాకు తెలుసు. కళ్లద్దాలు తీసి మార్నీ మొహంలోకి చూసింది. పొయ్యి మీద అట్టు మాడుతున్న వాసన వస్తోంది. లేచి దాన్ని దించి, తిరిగొచ్చి కూర్చుంది. అడిగేటప్పుడు ఆవిడ గొంతు మారింది. అందులో ఎత్తుకున్న చనువు లేదు.

"మార్నీ టినాన్, ఇది నీ పేరేనా?"

"అవును."

"ఇందులో రాసింది నిజమని మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నావా?"

మార్నీ నోరు తెరిచింది. నిజమని ఒక్క మాట అంటే గానెట్ నిలబడుతుంది, ఇల్లు నిలబడుతుంది, ఫెర్గస్ షెడ్డులోంచి ఇంట్లోకొస్తాడు. ఒక్క మాట.

రేడియో గరగరమంది.

"నోలా, నోలా. నోలా జీన్ మాట్లాడుతున్నా. మొగ దగ్గరికొచ్చేశాం. ఇక్కడ్నుంచి సరిగ్గా కనబడ్డం లేదు, వాన బాగా పడుతోంది. పిట్ట ఏమంటోంది?"

"ఒక్క నిమిషం తల్లీ," అని నోలా రేడియో పక్కనున్న స్క్రీన్ వైపు వంగింది. మొహం విప్పారింది. "పచ్చగా ఉంది హ్యూయీ! వచ్చెయ్. అట్లు వేడిగా ఉన్నాయి."

పచ్చా?

మార్నీ లేచి స్క్రీన్ దగ్గరికి వెళ్లింది. పచ్చగానే ఉంది. కానీ ఆ పచ్చ కింద ఎప్పుడూ కదులుతుండే అలల గీత లేదు. పోటు ఇంత, గాలి ఇంత అని రెండే రెండు వరసలు. ఫెర్గస్ చెయ్యి పడకముందు గానెట్ ఇలాగే ఉండేది.

గానెట్ నడిచే యంత్రం షెడ్డులోనే, అతని పరుపు పక్కనే ఉంది. ఏదో ఒకటి చెయ్యమంది తను. చేశాడు.

"ఆపు! రావద్దని చెప్పు. అది తప్పు నోలా, అది పచ్చ కాదు!"

నోలా ఎందుకని అడగలేదు. మైకు నొక్కింది. "హ్యూయీ, ఆగు. పచ్చ కాదు. బయటే ఉండు."

గరగర. ఇంజను రొద. ఎవరో అరుస్తున్నారు. "ఏంటి నోలా నువ్వు! మొగలోకి తిప్పేశాను. వెనకాల పెద్దవి లేస్తున్నాయి. ఇప్పుడు వెనక్కి తిప్పనా, లోపలికొచ్చెయ్యనా? తొందరగా చెప్పు!"

నోలా మైకు వదల్లేదు. నొక్కి పట్టుకునే మార్నీ వైపు తిరిగింది.

"చెప్పు తల్లీ. తిప్పమందామా, రమ్మందామా? నీకు తెలుస్తుంది కదా. రాసింది నువ్వే కదా!"

తిప్పితే పడవ అడ్డం తిరిగి అలకు దొరికిపోతుందేమో. వస్తే మేట మీద అల విరుగుతుందేమో. ఏది ఎప్పుడు విరుగుతుందో చెప్పేది ఆ లెక్కే. ఆ లెక్కలో ఒక్క ముక్క మార్నీకి తెలియదు.

"నేను కాదు," అంది.

"ఏంటి?"

"నేను రాయలేదు నోలా. ఫెర్గస్ రాశాడు. మొత్తం ఫెర్గసే రాశాడు. నాకు తెలియదు."

నోలా వేలు మైకు మీదే ఉంది. ఆ మాటలు మొగలో ఉన్న హ్యూయీకి, బయట ఆగిన ప్రతి పడవకూ, రేడియో పెట్టుకుని కూర్చునే ప్రతి ఇంటికీ వెళ్లాయి. మార్నీ అది చూసింది. చూస్తూనే ఫోన్ తీసి నొక్కింది.

ఫెర్గస్ వెంటనే ఎత్తాడు. "తీసేశాను మార్నీ. ఇక నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. సంతకం పెట్టలేదు కదా? పెట్టలేదని చెప్పు."

"హ్యూయీ మొగలో ఉన్నాడు. పచ్చ చూసి వచ్చేశాడు."

అవతల ఏదో కింద పడిన చప్పుడైంది.

"ఫెర్గస్!"

"బోయా అంకెలు చదువు," అన్నాడు. మాట స్పష్టంగా ఉంది. "ఎత్తు చదువు, తర్వాత అలకూ అలకూ మధ్య వ్యవధి చదువు. తొందరగా."

ఆవిడ చదివింది. అతను ఏదో గొణుక్కున్నాడు. ఆ తొట్టి దగ్గర చలిలో కొలిచినవన్నీ అతని తలలోనే ఉన్నాయి.

"ఫోన్ మైకు దగ్గర పెట్టు."

"అందరూ వింటారు, ఫెర్గస్. కంపెనీ..."

"పెట్టు!"

మార్నీ పెట్టింది. వెస్ట్‌పోర్ట్ రేడియోలో ఫెర్గస్ గొంతు వినబడటం అదే మొదటిసారి.

"హ్యూయీ, ఫెర్గస్‌ని. తిప్పొద్దు. తిప్పితే పక్కకు పడిపోతావు. నీ వెనక లేచిన పెద్ద గుంపును ముందుకు పోనీ, ఇంజను తగ్గించి నిటారుగా ఉండు. చివరిది దాటగానే దాని వీపు పట్టుకుని లోపలికి వచ్చెయ్. చివరిది దాటాకే. విన్నావా?"

నోలా వేలు తీసింది. ముగ్గురూ విన్నారు, ఇద్దరు ఈ వంటగదిలో, ఒకడు ఫోన్ అవతల. గరగర తప్ప ఏమీ లేదు.

నోలా మళ్లీ నొక్కింది. "హ్యూయీ, విన్నావా?"

సంతకం లేని కాగితం బల్ల మీద మూత తీసిన పెన్ను పక్కన పడి ఉంది. నోలా దాని వైపు చూడలేదు, మార్నీ వైపూ చూడలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుని నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"హ్యూయీ," అంది. "హ్యూయీ, పలుకు."